డిగ్రీ, కబడ్డీ, కొలువు

ప్రశ్న: మా అబ్బాయి కబడ్డీ బాగా ఆడతాడు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న మా ఊరి కళాశాలలో డిగ్రీలో చేరితే ఆటకూ, ఉద్యోగానికీ దారి ఉంటుందాండీ?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: తప్పకుండా ఉంటుంది. అనుబంధ కళాశాలలో చదివే విద్యార్థి కూడా అంతర్ కళాశాలల పోటీల్లో రాణించి ఎంపికైతే విశ్వవిద్యాలయ జట్టులో చేరి, భారత విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలో జరిగే దక్షిణ మండల పోటీల్లో ఆడవచ్చు. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం, గుర్తింపు పొందిన క్రీడలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో విశ్వవిద్యాలయానికి ప్రాతినిధ్యం వహించిన వారు గ్రూప్-సి (గుమాస్తా వంటి) కొలువులకు క్రీడాకారుల కోటాలో అర్హులవుతారు. ఖరీదైన అకాడమీలకు పంపలేని కుటుంబాలకు ఇది ఎంత పెద్ద ఆసరానో వేరే చెప్పనక్కరలేదు. అయితే అర్హత ఉన్నంత మాత్రాన ఉద్యోగం ఖాయం కాదు. నియామక సంస్థలు తమ ప్రకటనల్లో ఇంకా ఎక్కువ స్థాయి విజయాలు కోరవచ్చు కనుక, చదువును మాత్రం అశ్రద్ధ చేయనివ్వకండి.

1968లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా అనంతపురంలో మొదలై, 1981లో స్వతంత్ర సంస్థగా మారిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కరువు సీమలో ఎన్నో ఇళ్లలో తొలి పట్టభద్రులను తయారుచేసింది. కర్నూలు పీజీ కేంద్రం కూడా దీని నీడలోనే పెరిగి తర్వాత రాయలసీమ విశ్వవిద్యాలయమైంది. కళాశాలలో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్‌)లోనూ చేర్పించండి, గ్రామాల్లో జరిగే ఏడు రోజుల ప్రత్యేక శిబిరం మీ అబ్బాయికీ, ఆ ఊరికీ మేలు చేస్తుంది.

పోటీల్లో పాల్గొన్న ధ్రువపత్రాన్ని నిర్ణీత నమూనాలో విశ్వవిద్యాలయ క్రీడా విభాగం నుంచి ఆ ఏడాదే తీసుకుని భద్రపరచండి.