చచ్చిన గురువును వెనక్కి తెస్తే పాఠకులు తిడుతున్నారా? నా సలహా

మీ ఫాంటసీ నవలలో పన్నెండో అధ్యాయంలో చనిపోయిన గురువు ముప్పయ్యో అధ్యాయంలో తిరిగొస్తే, చదివినవాళ్లు "మమ్మల్ని ఊరికే ఏడిపించారు" అన్నారని రాశారు కదండీ. తిరిగి రావడం తప్పు కాదు. ఏమీ పోగొట్టుకోకుండా వచ్చాడు, తేడా అక్కడుంది.

భారతంలో శుక్రాచార్యుడి శిష్యుడు కచుడి కథ చూడండి. రాక్షసులు అతన్ని మూడుసార్లు చంపారు. రెండుసార్లు శుక్రాచార్యుడు చచ్చినవాళ్లని లేపే మృతసంజీవని మంత్రంతో బతికించేశాడు, మనకేం టెన్షన్ లేదు. మూడోసారి బూడిద చేసి, కల్లులో కలిపి ఆయన చేతే తాగించారు. ఇప్పుడు శిష్యుడు బతకాలంటే గురువు పొట్ట చీలాలి. అందుకే కడుపులో ఉన్నవాడికే మంత్రం నేర్పాల్సొచ్చింది. బయటికొచ్చి గురువును బతికించాడు సరే, కానీ ఆయన కడుపున పుట్టినట్టే కాబట్టి, కచుణ్ణి ప్రేమించిన గురువు కూతురు దేవయాని అతనికి తోబుట్టువైపోయింది. పెళ్లి లేదు, పైగా శాపం. ఒక్క పునర్జన్మకి ఎన్ని చిక్కులో!

మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి కథ కూడా అంతే. 1757 బొబ్బిలి యుద్ధం తర్వాత విజయనగరం రాజుగారి చెల్లెలు కన్నుమూసిందని, పెద్దచెరువులో విగ్రహంగా దొరికిందని చెప్పుకుంటారు. తిరిగొచ్చింది, కానీ చెల్లెలిగా కాదు. సిరిమానోత్సవం ఆ అమ్మవారికే.

మీ గురువు విద్య మరిచిపోయి రానివ్వండి, లేదా శిష్యుణ్ణే గుర్తుపట్టకుండా. మూడో అధ్యాయంలోనే చచ్చినవాళ్లని బతికించే మంత్రం ఒకటి ఉందని, దాని ఖరీదు ఇదని ఒక ముసలమ్మ నోట చెప్పించండి. ఇంకో పాత్రని మాత్రం మళ్లీ బతికించకండి బాబూ!