కుక్కకు మాత్రలు మానేసి మూలికలు వాడవచ్చా?

ప్రశ్న: మా లాబ్రడార్‌కు 10 ఏళ్లు. కీళ్లు అరిగాయని పశువైద్యులు మెలాక్సికామ్ అనే నొప్పి మందు రాశారు. అది కాలేయానికి చేటు కాబట్టి మానేసి పసుపు, హోమియోపతి, ఆక్యుపంక్చర్ ప్రయత్నించమనీ, పిడుదులకు మందు బదులు వెల్లుల్లి తినిపించమనీ స్నేహితులు అంటున్నారు. ఇంట్లో పిల్లి కూడా ఉంది. ఏం చేయాలి?

జవాబు: వెల్లుల్లి మాత్రం పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల్లోనూ పిల్లుల్లోనూ ఎర్ర రక్తకణాలను దెబ్బతీసి రక్తహీనత కలిగిస్తాయి. పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. అలాగని మందుల దుకాణంలో దొరికేదంతా క్షేమమనుకోవడానికీ వీల్లేదు. కుక్కల పిడుదుల మందుల్లో కొన్నింటిలో ఉండే పర్మెత్రిన్ పిల్లికి విషం కనుక, మీ ఇంట్లో పిల్లి ఉందన్న సంగతి వైద్యులకు తప్పక చెప్పండి.

మెలాక్సికామ్ గురించి మీ స్నేహితుల భయం పూర్తిగా నిరాధారం కాదు. ఈ తరగతి మందులు కొన్ని కుక్కల్లో కడుపులో పుండ్లు కలిగించవచ్చు, మూత్రపిండాలకూ కాలేయానికీ హాని చేయవచ్చు. అందుకే మొదలుపెట్టే ముందూ, వాడుతున్నంత కాలం మధ్యమధ్యలోనూ రక్తపరీక్షలు చేయిస్తారు. వాంతులు, నల్లటి విరేచనం, తిండి మానేయడం కనిపిస్తే మందు ఆపి వెంటనే వైద్యులకు తెలపాలి. ఇవేవీ లేనప్పుడు భయంతో మందు మానిపిస్తే, నోరులేని జీవి నొప్పిని మౌనంగా భరించవలసి వస్తుంది.

మందుతో పాటు చేయదగినవి చాలానే ఉన్నాయి. లాబ్రడార్లు తేలిగ్గా లావెక్కే జాతి. బరువు తగ్గిస్తే కీళ్లకు కలిగే ఉపశమనం, నా దృష్టిలో, ఏ మూలికా ఇవ్వలేనిది. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలకూ, ఫిజియోథెరపీకీ కొంత ఆధారం ఉంది. ఆక్యుపంక్చర్‌కు ఉన్న ఆధారం బలహీనమే అయినా, శిక్షణ పొందిన పశువైద్యులు చేస్తే మందుకు తోడుగా ప్రయత్నించడంలో అభ్యంతరం లేదు. హోమియోపతి, మందేమీ లేని ఉత్తుత్తి మాత్రల కన్నా ఎక్కువ పనిచేస్తుందని రుజువు కాలేదు. పసుపు సారం మాత్రలు మోతాదు మించితే రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేయవచ్చు కాబట్టి, వైద్యులను అడగకుండా నొప్పి మందుతో కలపవద్దు.

ఇంకొక చిక్కు ఉంది. ఉత్తుత్తి మందు ఇచ్చినా కుక్క బాగా నడుస్తోందని యజమానులు నమ్మిన సందర్భాల్లో, కాళ్లు మోపే బలాన్ని కొలిచే పరికరం ఏ మార్పూ చూపలేదని పరిశోధనలు తెలిపాయి. కాబట్టి ఒక్కసారి ఒక్క మార్పే చేసి, కుక్క మెట్లెక్కేటప్పుడూ పడుకుని లేచేటప్పుడూ వీడియోలు తీసి వైద్యులకు చూపండి. మెరుగుదల నిజమైతే మెలాక్సికామ్ మోతాదు తగ్గించడం గురించి అప్పుడు వారితోనే మాట్లాడవచ్చు.