విక్టోరియా కాలపు అద్భుత కథలు: ‘ఆలిస్’తో మొదలుపెట్టకండి

తొమ్మిదేళ్ల కూతురికి రాత్రిపూట చదివి వినిపించడానికి విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు అద్భుత కథల్లో ఏవి బాగుంటాయని, వాటిని పెద్దవాళ్లు తమ కోసం కూడా చదువుకోవచ్చునా అని మీరు అడిగారు. మా అమ్మాయికి సరిగ్గా అదే వయసున్నప్పుడు నేను ఈ పని మొదలుపెట్టి, మొదటి ప్రయత్నంలోనే బోర్లాపడ్డాను కనుక అక్కడినుంచే చెబుతాను.

అందరిలాగే నేనూ లూయిస్ కారల్ రాసిన ‘ఆలిస్’ తెరిచాను. 1865లో వెలువడిన ఆ పుస్తకం గొప్పదనాన్ని నేను కాదనను. అయితే రెండో అధ్యాయంలో ఆలిస్ చదివే మొసలి పద్యం, ఆనాటి ఇంగ్లీషు పిల్లలు బట్టీపట్టిన ఐజాక్ వాట్స్ తేనెటీగ పద్యానికి వెక్కిరింపు. ‘ఉప్పు కప్పురంబు’ పద్యాన్ని వంకరగా మార్చి చదివితే మన పిల్లలు పకపక నవ్వుతారు. వేమన పేరే వినని పిల్లవాడికి అందులో నవ్వవలసినదేమీ కనిపించదు. మూడో అధ్యాయంలో ఎలుక తన కథ చెబుతానంటే ఆలిస్ దాని తోకవంక చూస్తుంది, ఎందుకంటే ఇంగ్లీషులో కథ అన్న మాటా తోక అన్న మాటా చెవికి ఒకేలా వినిపిస్తాయి. దీన్ని నేను పది నిమిషాలు వివరించి తలెత్తి చూసేసరికి మా అమ్మాయి నిద్రపోయింది. ఆ పుస్తకాన్ని మూసి, నాలుగేళ్ల తర్వాత గానీ మళ్లీ తెరవలేదు.

మరుసటి వారం జార్జ్ మెక్‌డొనాల్డ్ దగ్గరికి వెళ్లాం. ఈ స్కాట్లండ్ రచయిత కారల్‌కు స్నేహితుడు. ‘ఆలిస్’ అచ్చు కాకముందు రాతప్రతిని చదివించుకుని విని, దాన్ని పుస్తకంగా వెయ్యమని ఉత్సాహపరిచినవాళ్లు ఆయన ఇంటి పిల్లలే. మీరు ఆయన ‘ది లైట్ ప్రిన్సెస్’తో మొదలుపెట్టండి. పేరంటానికి పిలవడం మరిచిపోయిన మేనత్త శపించడంతో ఒక రాకుమారి బరువంతా పోగొట్టుకుంటుంది. గాలిలో తేలుతూ ఉంటుంది, ఏ విషయానికైనా నవ్వుతుందే తప్ప ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు. ఇంగ్లీషులో ‘గ్రావిటీ’ అన్న మాటకు భూమి లాగే శక్తి అనీ, గాంభీర్యం అనీ రెండర్థాలున్నాయి. కథంతా ఆ శ్లేష మీదే నిలబడింది. కారల్ శ్లేషలు తెలుగులో ప్రాణం విడిచిన చోట ఇది మాత్రం మరింత బలిసింది, ఎందుకంటే మనకు తేలికకూ, తేలడానికీ, తేలిగ్గా తీసుకోవడానికీ మూలం ఒకే మాట. ప్రతిదాన్నీ తేలిగ్గా తీసుకునే పిల్ల నిజంగానే తేలిపోయిందని చెప్పగానే మా అమ్మాయికి ఏ వివరణా అవసరం లేకపోయింది.

ఆ రాకుమారికి సరస్సులో ఈదుతున్నప్పుడు మాత్రమే బరువు తిరిగి వస్తుంది. అది తెలిసిన మేనత్త సరస్సును ఎండగడుతుంది. అడుగున ఉన్న రంధ్రాన్ని బతికున్న మనిషి తన ఒంటితో మూస్తేనే నీరు నిలుస్తుందంటే ఒక రాకుమారుడు అందుకు సిద్ధపడతాడు. నీరు అతని మెడ దాకా వస్తుంటే, ఆమె పడవలో కూర్చుని అతనికి బిస్కెట్లు తినిపిస్తూ ఉంటుంది. అతను మునిగిపోయాక గానీ ఆమెలో ఏదో కదలదు. అతన్ని పైకి లాగి, బతికించుకుని, జీవితంలో మొదటిసారి ఏడ్చినప్పుడు ఆమెకు బరువు వస్తుంది. వచ్చాక నడక నేర్చుకోవాలి, పడితే దెబ్బలు తగులుతాయి. ఈ కథను ఆయన 1864లో పెద్దల కోసం రాసిన ఒక నవలలో, పెద్దలు కూర్చుని వినే కథగా ప్రవేశపెట్టి, 1867లో పిల్లల సంపుటిలో మళ్లీ చేర్చారు. మీ రెండో ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నాకు తట్టడం లేదు.

తర్వాత 1872లో పుస్తకంగా వచ్చిన ‘ది ప్రిన్సెస్ అండ్ ది గోబ్లిన్’ చదవండి. కొండ కింద సొరంగాల్లో బతికే గోబ్లిన్లనే వికారపు జీవులకు తలలు రాయిలాంటివి, పాదాలు మాత్రం మెత్తన. పాటలు వింటే వాళ్లకు ఒళ్లు మండుతుంది. ఇదంతా పిల్లలకు పండగే. నన్ను పట్టుకున్నది మాత్రం వేరే ఘట్టం. రాకుమారి ఐరీన్ మేడమీది గదిలో తన ముత్తాతకు తల్లి అయిన అవ్వను చూస్తుంది. గనికార్మికుడి కొడుకు కర్డీని అక్కడికి తీసుకువెళితే అతనికి ఖాళీ అటక, ఒక తొట్టి, ముక్కిన గడ్డి, వాడిన ఆపిల్ పండు మాత్రమే కనిపిస్తాయి. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. “మరి ఎవరు చెప్పింది నిజం నాన్నా?” అని మా అమ్మాయి రెండు రాత్రులు అడిగింది. నేను సమాధానం చెప్పలేదు, రచయితా తొందరపడి చెప్పడు.

కొన్నిటిని ముందు మీరు ఒంటరిగా చదివి చూసుకోవాలి. మెక్‌డొనాల్డ్‌దే అయిన ‘ఎట్ ది బ్యాక్ ఆఫ్ ది నార్త్ విండ్’లో బండివాడి కొడుకు డైమండ్ చివరికి చనిపోతాడు, చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్న రచయిత ఆ మరణాన్ని ఎంత మెల్లగా చెప్పినా, అది మరణమేనని పిల్లలకు తెలిసిపోతుంది. ఆస్కార్ వైల్డ్ 1888 నాటి ‘ది హ్యాపీ ప్రిన్స్’ కూడా అంతే. మా ఇంట్లో ఆ పిచ్చుక చనిపోయిన రాత్రి ఎవరికీ అన్నం సహించలేదు (దాన్ని భోజనానికి ముందు చదవడం నా పొరపాటు, అది పిచ్చుక కాదు వానకోవిలని తర్వాత సవరించినది మా అమ్మాయి). చార్లెస్ కింగ్‌స్లీ ‘ది వాటర్ బేబీస్’లో పొగగొట్టాలు తుడిచే పిల్లవాడి కష్టం గురించిన మొదటి అధ్యాయాలు అద్భుతం. ఆ పనిలో పిల్లలను పెట్టకూడదని పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 1864లో, మరొక చట్టం చేశారు; అది గట్టిగా అమలైంది మాత్రం 1875 చట్టం తర్వాతనే. అయితే మధ్యలో సుదీర్ఘమైన ఉపన్యాసాలు, ఐరిష్ వారినీ నల్లజాతివారినీ కించపరిచే మాటలు ఉన్నాయి. నేను వాటిని దాటవేస్తూ చదివాను.

చిన్న కథలు కావాలంటే ఆండ్రూ లాంగ్ పేరుతో 1889 నుంచి 1910 వరకు వచ్చిన, ఒక్కోదానికి ఒక్కో రంగు పేరు పెట్టిన 12 సంపుటాలు ఉన్నాయి. వాటిలో చాలా కథలను అనువదించినది ఆయన భార్య లియోనోరా. సెలవుల్లో మీ అమ్మాయి తనంతట తాను చదువుకోవడానికి అవి సరిపోతాయి.

మీ కోసమంటే మెక్‌డొనాల్డ్ 1858లో రాసిన ‘ఫాంటాస్టీస్’ చదవండి. స్త్రీపురుషుల కోసం రాసిన అద్భుత కథ అని దాని ఉపశీర్షికే చెబుతుంది. నిద్రలేచిన యువకుడి గదిలో చేతులు కడుక్కునే పళ్లెం పొంగి వాగవుతుంది, తివాచీ మీద నేసిన గడ్డి గాలికి ఊగుతుంది. నార్నియా కథల రచయిత సి.ఎస్. లూయిస్ 1916లో ఒక రైల్వే స్టేషన్‌లో దీన్ని కొని తన ఊహాలోకమే మారిపోయిందని రాసుకున్నారు. నేను ఇరవై రెండేళ్లప్పుడు సగంలో వదిలేశాను, నలభై దాటాక తిరిగి తీసినప్పుడు పూర్తయింది.

ఏది కొన్నా సంక్షిప్త ప్రతి మాత్రం వద్దు. బడిలో నాన్‌డిటైల్‌గా చదివినప్పుడు నాకు ఇవన్నీ నీరసంగా తోచడానికి కారణం, కథ మిగిల్చి చెప్పేవాడి గొంతును తీసేయడమే. కాపీరైటు కాలం ఎప్పుడో ముగిసింది కనుక పూర్తి పాఠాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతాయి. మెక్‌డొనాల్డ్ పుస్తకాలకు ఆర్థర్ హ్యూస్ బొమ్మలున్న ప్రతిని వెతికి తీసుకోండి.