వర్చువల్ మెషీన్‌లో సాకెట్ చదవడానికి వేరే థ్రెడ్ పెట్టాలా? క్యూఎములో నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండీ. వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఎము (QEMU) ప్రోగ్రామ్‌కి సొంతంగా ఒక నెట్‌వర్క్ బ్యాకెండ్, అంటే వర్చువల్ నెట్ కార్డుని బయటి ప్రపంచంతో కలిపే భాగం, రాస్తున్నారు. బయటి ప్రోగ్రామ్ నుంచి టీసీపీ సాకెట్ మీద ప్యాకెట్లు వస్తాయి, వాటిని గెస్ట్‌లోని (వర్చువల్ మెషీన్ లోపలి సిస్టమ్‌లోని) వర్టియో నెట్ కార్డుకి, అంటే వర్చువల్ మెషీన్ల కోసమే రూపొందించిన కార్డుకి, అందించాలి. సాకెట్ చదవడానికి విడిగా ఒక థ్రెడ్ పెట్టారు. పింగ్‌కి బాగానే ఉంది. నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపర్ఫ్ నడిపితే మాత్రం కొన్ని నిమిషాలకు గెస్ట్ నెట్‌వర్క్ ఆగిపోతోంది, ఒక్కోసారి హోస్ట్‌లో (అసలు మెషీన్‌లో) ఒక కోర్ వంద శాతం నడుస్తూ ఉండిపోతోంది. ప్రతి సాకెట్‌కి ఒక థ్రెడ్ ఉండాలా, లేక ఇంకో పద్ధతి ఉందా అని అడిగారు.

థ్రెడ్ తీసేయండి. నూటికి తొంభై సందర్భాల్లో అది అక్కర్లేదు. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక టీమ్‌లో అచ్చం మీలాగే మొదలుపెట్టాం. పగలు చేసే టెస్టులన్నీ పాసయ్యేవి, రాత్రంతా నడిచే టెస్టు మాత్రం తెల్లారేసరికి ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉండేది. కారణం పట్టుకోవడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఆ టెన్షన్ మీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు క్యూఎము లోపల ఎవరు ఏ పని చేస్తారో చూద్దాం. కేవీఎమ్‌తో (లినక్స్ కెర్నెల్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యం) నడిపితే ఒక్కో వర్చువల్ సీపీయూకి ఒక్కో థ్రెడ్ ఉంటుంది. వీటికి తోడు ఒక మెయిన్ థ్రెడ్. మెయిన్ థ్రెడ్ పని ఒక లూప్: ఏ సాకెట్‌లో డేటా వచ్చిందో, ఏ టైమర్ గడువు ముగిసిందో కనిపెట్టుకుని ఉంటుంది, ఏదైనా జరిగితే దానికి కట్టిన కాల్‌బ్యాక్‌ని పిలుస్తుంది. ఏమీ లేనప్పుడు పీపోల్ అనే సిస్టమ్ కాల్‌లో నిద్రపోతుంది. వీళ్లందరి మధ్య ఒకసారికి ఒక్క థ్రెడ్ దగ్గరే ఉండగల ఒక పెద్ద లాక్ ఉంది, దాన్ని బీక్యూఎల్ (బిగ్ క్యూఎము లాక్) అంటారు. మెయిన్ థ్రెడ్ నిద్రపోయే ముందు దాన్ని వదిలేసి, లేవగానే తీసుకుంటుంది. సీపీయూ థ్రెడ్ కూడా అంతే. గెస్ట్ కోడ్ నడుస్తున్నంతసేపు లాక్ దాని దగ్గర ఉండదు. గెస్ట్ ఏదైనా డివైజ్ రిజిస్టర్‌ని తాకి బయటికి వచ్చినప్పుడు, మామూలు డివైజ్ అయితే లాక్ తీసుకునే ఆ పని చేస్తుంది. (2024లో వచ్చిన 9.0 వెర్షన్‌కి ముందు కోడ్‌లో ఈ లాక్ పేరు ఐఓథ్రెడ్ మ్యూటెక్స్. ఐఓథ్రెడ్ అని ఇంకో వస్తువు విడిగా ఉంది, రెండూ ఒకటి కావు. పాత కోడ్ చదువుతుంటే ఇది గుర్తుంచుకోండి.)

నెట్ కార్డు స్థితి, దాని వర్చ్‌క్యూ (గెస్ట్, కార్డు బఫర్లు మార్చుకునే వరుస), మధ్యలో ఉండే ప్యాకెట్ల క్యూ, ఇవన్నీ ఈ లాక్ చేతిలో ఉంటుందన్న నమ్మకం మీదే రాసి ఉన్నాయి. మీ థ్రెడ్ సాకెట్ చదివి, నేరుగా ప్యాకెట్ పంపే ఫంక్షన్‌ని పిలిచిందనుకోండి, ఆ నమ్మకం తప్పుతుంది.

మా దగ్గర ఆగిపోయిన ప్రాసెస్‌కి జీడీబీ డీబగ్గర్ తగిలించి అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్ (ఏ థ్రెడ్ ఏ ఫంక్షన్‌లో ఉందో చూపే జాబితా) తీశాం. గెస్ట్ కొత్తగా రిసీవ్ బఫర్లు ఇచ్చిందని మెయిన్ థ్రెడ్‌కి కబురు అందింది, అది లాక్ పట్టుకుని, ఆగి ఉన్న ప్యాకెట్లను క్యూలోంచి తీసి గెస్ట్‌కి అందిస్తోంది. సరిగ్గా అదే సమయంలో మా రిసీవ్ థ్రెడ్, లాక్ లేకుండా, అదే క్యూ చివర కొత్త ప్యాకెట్ తగిలిస్తోంది. ఆ క్యూ మామూలు లింక్డ్ లిస్టు. ఇద్దరూ ఒకేసారి దాని పాయింటర్లను మార్చేసరికి లిస్టు తెగిపోతుంది, లేదా తిరిగి తనకే ముడిపడుతుంది. తెగితే నెట్‌వర్క్ ఆగిపోతుంది. ముడిపడితే ఆ లూప్‌కి అంతమే ఉండదు, ఒక కోర్ వంద శాతానికి చేరుతుంది. మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఈ ఒక్క తప్పు వల్లే రావచ్చు. పింగ్‌లో ఎందుకు బయటపడదంటే సెకనుకి ఒక ప్యాకెట్ వస్తుంటే ఇద్దరూ ఒకేచోట ఎదురుపడే అవకాశం దాదాపు లేదు.

ఇంకో సంగతి. ఆ థ్రెడ్‌ని మీరు విడిగా రిజిస్టర్ చేసి ఉండకపోతే, దాని సంగతి క్యూఎము ఆర్‌సీయూకి (చదివేవాళ్లు ఉన్నంతసేపు పాత డేటాని ఫ్రీ కానివ్వని ఏర్పాటు) తెలియదు. గెస్ట్ మెమరీ మ్యాప్ మారినప్పుడు పాత మ్యాప్‌ని ఇంకా ఎవరైనా చదువుతున్నారా అని ఆర్‌సీయూ చూస్తుంది. రిజిస్టర్ కాని థ్రెడ్ దాని లెక్కలోకి రాదు. మీ థ్రెడ్ చదువుతుండగానే ఆ మెమరీ ఫ్రీ అయిపోవచ్చు. ఇలాంటి క్రాష్ నెలకోసారి వస్తుంది, ఎక్కడ వచ్చిందో చూస్తే మీ కోడ్‌కి సంబంధమే లేనట్టు కనిపిస్తుంది.

మేం మొదట చేసిన మరమ్మతు, ప్యాకెట్ పంపే ముందు లాక్ తీసుకోవడం. లిస్టు పాడవడం ఆగింది. కానీ లోడ్ పెరిగితే గెస్ట్ మందగించేది. ప్యాకెట్ ప్యాకెట్‌కీ లాక్ కోసం పోటీ, దానితో సీపీయూ థ్రెడ్లు బయటికి వచ్చినప్పుడల్లా క్యూలో నిలబడాల్సి వచ్చేది. మీరు ఈ దారిలో వెళ్తే ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయకండి: లాక్ చేతిలో ఉంచుకుని బ్లాక్ అయ్యే రిసీవ్‌ని పిలవకండి. అవతలివాడు ఏమీ పంపకపోతే వర్చువల్ మెషీన్ మొత్తం అక్కడే ఆగిపోతుంది.

తర్వాత థ్రెడ్ సొంత క్యూలో ప్యాకెట్లు వేయడం, ఈవెంట్ఎఫ్‌డీ (ఒక థ్రెడ్ ఇంకోదాన్ని లేపడానికి లినక్స్ ఇచ్చే సాధనం) మీద గంట కొట్టి మెయిన్ థ్రెడ్‌ని లేపడం చేశాం. ఈ పద్ధతి సరైనదే. అయినా ఇందులో ఒక చిన్న తప్పు చేశాం, అదే నన్ను ఎక్కువ రోజులు వేధించింది. ఈవెంట్ఎఫ్‌డీ అంటే 8 బైట్ల లెక్క మాత్రమే. పదిసార్లు గంట కొట్టినా మెయిన్ థ్రెడ్ లేచేది ఒక్కసారే కావచ్చు. అందుకని లేచినప్పుడు క్యూ మొత్తం ఖాళీ చేయాలి, అది మేం చేశాం. కానీ ముందు క్యూ ఖాళీ చేసి, ఆ తర్వాత గంటని క్లియర్ చేశాం. ఆ రెండింటి మధ్య, క్యూ ఖాళీ అని తేలిన మరుక్షణంలో, రిసీవ్ థ్రెడ్ ఒక ప్యాకెట్ వేసి గంట కొడుతుంది. మనం ఆ గంటని కూడా క్లియర్ చేసేస్తాం. ప్యాకెట్ క్యూలో ఉంది, లేపేవాళ్లు లేరు. ఇంకో ప్యాకెట్ వచ్చేదాకా అది అలాగే ఉండిపోతుంది. అవతలివాడు దానికి జవాబు వచ్చాకే ఇంకోటి పంపుదామని కూర్చుంటే ఇద్దరూ ఎదురుచూపులే. ముందు గంట క్లియర్ చేయాలి, తర్వాత క్యూ ఖాళీ చేయాలి. రెండు లైన్ల వరుస మార్చాం, అంతే, రాత్రి టెస్టు మొదటిసారి తెల్లారేదాకా నడిచింది.

ఈ గంట పని మీరు చేత్తో రాయక్కర్లేదు కూడా. క్యూఎములో బాటమ్ హాఫ్ అని ఉంది, అంటే కాసేపాగి నడపమని లూప్‌కి అప్పగించే ఫంక్షన్. దాన్ని షెడ్యూల్ చేయడం ఏ థ్రెడ్ నుంచైనా సురక్షితం, అది నడవడం మాత్రం మెయిన్ లూప్‌లో, లాక్‌తో నడుస్తుంది.

చివరికి థ్రెడ్‌నే తీసేశాం. సాకెట్‌ని నాన్‌బ్లాకింగ్‌లో (డేటా లేకపోతే ఆగకుండా వెంటనే తిరిగొచ్చేలా) పెట్టి, ఎఫ్‌డీ హ్యాండ్లర్‌తో (సాకెట్‌లో ఏదైనా జరిగితే పిలిచే ఫంక్షన్) మెయిన్ లూప్‌కి అప్పగించాం. కోడ్ సగానికి సగం తగ్గింది. అయితే అక్కడా చూసుకోవాల్సినవి ఉన్నాయి.

ఈ లూప్‌లో డేటా ఉన్నంతసేపు ఈవెంట్ వస్తూనే ఉంటుంది. గెస్ట్ దగ్గర రిసీవ్ బఫర్లు అయిపోయి మీరు చదవడం మానేస్తే, చదివే హ్యాండ్లర్‌ని కూడా తీసేయాలి. లేకపోతే పీపోల్ నిద్రపోదు, వెంటనే తిరిగొస్తుంది, మళ్లీ కోర్ వంద శాతం. రాసే హ్యాండ్లర్ సంగతీ ఇంతే. సాకెట్‌లో చోటు దాదాపు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి దాన్ని శాశ్వతంగా కట్టి ఉంచితే ఆ ఈవెంట్ ఆగదు. పంపబోతే చోటు లేదని ఈఅగైన్ అనే ఎర్రర్ వచ్చినప్పుడు మాత్రమే కట్టి, మిగిలింది పంపగానే తీసేయండి.

ప్యాకెట్ పంపే ఫంక్షన్ అసింక్ రూపాన్నే వాడండి. అది సున్నా తిరిగిస్తే ప్యాకెట్ క్యూలో పడిందని అర్థం. అప్పుడు చదవడం ఆపండి, మీరిచ్చిన కాల్‌బ్యాక్ వచ్చాక మళ్లీ మొదలుపెట్టండి. కాల్‌బ్యాక్ ఇవ్వకుండా పంపుతూ పోతే క్యూలో 10,000 ప్యాకెట్లు చేరాక మిగతావి చప్పుడు లేకుండా పడిపోతాయి. క్యూఎములోని ట్యాప్ బ్యాకెండ్ (హోస్ట్‌లోని వర్చువల్ నెట్ కార్డుతో కలిపేది) కోడ్‌లో దీనికి మంచి నమూనా ఉంది, తప్పకుండా చదవండి. అందులో ఒక్కో కాల్‌బ్యాక్‌కి 50 ప్యాకెట్లు దాటకుండా ఆగిపోతారు. హోస్ట్ వైపు నుంచి ప్యాకెట్లు ఆగకుండా వస్తుంటే లాక్ మన దగ్గరే ఉండిపోయి గెస్ట్ ఆకలితో చస్తుంది కాబట్టి ఆ హద్దు పెట్టారు. మీరూ పెట్టండి.

టీసీపీలో ప్యాకెట్ హద్దులు ఉండవు, ఇది మాత్రం కాస్త దగ్గరగా చూపిస్తాను. క్యూఎము సాకెట్ బ్యాకెండ్ ప్రతి ఫ్రేమ్ (నెట్‌వర్క్ మీద వెళ్లే ఒక ప్యాకెట్) ముందు 4 బైట్ల పొడవు పంపుతుంది. 1514 బైట్ల ఫ్రేమ్‌కి ఆ నాలుగు బైట్లు 0, 0, 5, 234. లోడ్ ఎక్కువైనప్పుడు ఒక్కోసారి రిసీవ్‌లో మొదటి రెండే వస్తాయి, మిగతా రెండు వచ్చే ఈవెంట్‌లో. ఆ మొదటి రెండింటినీ దాచుకోకుండా వదిలేశారనుకోండి. తర్వాతి ఈవెంట్‌లో 5, 234 తో పాటు ఫ్రేమ్‌లోని మొదటి రెండు బైట్లు కలిపి పొడవు అనుకుంటారు. ఫ్రేమ్ మొదట్లో ఉండేది అందుకునే కార్డు మ్యాక్ అడ్రస్. క్యూఎము ఇచ్చే మ్యాక్ అడ్రస్ 52:54 తో మొదలవుతుంది, అంటే దశాంశంలో 82, 84. లెక్క కడితే పొడవు 9,92,42,580 బైట్లు. ఇక ఆ కనెక్షన్ కోలుకోదు. క్యూఎము సొంత కోడ్ ఇక్కడ ఎంత చదివామో, పొడవు చదువుతున్నామా ఫ్రేమ్ చదువుతున్నామా అన్న స్థితిని ఈవెంట్‌కీ ఈవెంట్‌కీ మధ్య దాచుకుంటుంది. మీరు సొంత థ్రెడ్‌లో బ్లాకింగ్‌గా చదివినప్పుడు ఈ అవసరం కనిపించి ఉండదు, ఈవెంట్ పద్ధతికి మారగానే వస్తుంది.

పంపేటప్పుడూ ఇదే. సెండ్ 1518 బైట్లలో (4 బైట్ల పొడవు, 1514 బైట్ల ఫ్రేమ్) 900 మాత్రమే తీసుకోవచ్చు. మిగతావి ఎక్కడ మొదలవ్వాలో గుర్తుపెట్టుకుని, ఆ ఫ్రేమ్ పూర్తయ్యేదాకా రెండోది మొదలుపెట్టకూడదు.

సాకెట్ మూసేటప్పుడు ముందు హ్యాండ్లర్ తీసేసి ఆ తర్వాతే క్లోజ్ చేయండి. వరుస తప్పితే ఆ ఎఫ్‌డీ నంబర్‌ని కెర్నెల్ ఇంకో కొత్త సాకెట్‌కి ఇస్తుంది, దాని ఈవెంట్లు మీ పాత హ్యాండ్లర్‌కి వస్తాయి. థ్రెడ్లు ఉంటే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

థ్రెడ్ నిజంగా అవసరమయ్యే చోట్లు లేకపోలేదు. పేరు నుంచి అడ్రస్ వెతకడం బ్లాక్ అవుతుంది, దాన్ని మెయిన్ లూప్‌లో చేయకూడదు. క్యూఎము కూడా అసింక్ కనెక్ట్‌ని వేరే థ్రెడ్‌లో చేసి, ఫలితాన్ని మాత్రం మెయిన్ లూప్‌కి అందిస్తుంది. మీరు వాడే లైబ్రరీ బ్లాకింగ్ తప్ప ఇంకేమీ ఇవ్వకపోయినా థ్రెడ్ తప్పదు. అప్పుడు ఆ థ్రెడ్ సాకెట్‌ని, సొంత క్యూని తప్ప దేన్నీ తాకకూడదు. మిగతాదంతా బాటమ్ హాఫ్‌కి వదిలేయండి.

స్పీడ్ కోసమే థ్రెడ్ పెట్టి ఉంటే అది వేరే దారి. నా ఉద్దేశంలో మీరు చూడాల్సింది వీహోస్ట్ యూజర్. ప్యాకెట్ల పని క్యూఎము బయట, వేరే ప్రాసెస్‌లో జరుగుతుంది. యూనిక్స్ సాకెట్ మీద మాట్లాడుకునేది సెటప్ గురించే. గెస్ట్ మెమరీని పంచుకుంటారు, కబుర్లు ఈవెంట్ఎఫ్‌డీల మీద నడుస్తాయి, ప్యాకెట్లు పెద్ద లాక్ దగ్గరికే రావు. కొత్త ప్రాజెక్టు అయితే దీన్ని మొదట్లోనే ఆలోచించుకోవడం మంచిది. అంత స్పీడ్ అక్కర్లేదు, టీసీపీ మీద ప్యాకెట్లు వస్తే చాలు అనుకుంటే, 7.2 వెర్షన్‌లో వచ్చిన స్ట్రీమ్ బ్యాకెండ్ చూడండి. బహుశా మీరు సొంతంగా రాయక్కర్లేకుండానే పని జరిగిపోతుంది.

మార్చే ముందు ఒకసారి ఇది చేసి చూడండి. క్యూఎముని నేమ్ ఆప్షన్‌లో డీబగ్ థ్రెడ్స్ ఆన్ అని ఇచ్చి నడిపితే థ్రెడ్ల పేర్లు విడివిడిగా కనిపిస్తాయి. గెస్ట్ ఆగినప్పుడు టాప్‌లో థ్రెడ్ల వారీగా ఏది వంద శాతం ఉందో చూడండి. అది మెయిన్ థ్రెడ్ అయితే దానికి సిస్టమ్ కాల్స్ చూపే ఎస్‌ట్రేస్ తగిలించండి. పీపోల్ వెంటవెంటనే తిరిగొస్తుంటే తీయాల్సిన హ్యాండ్లర్ ఏదో తీయలేదు. సిస్టమ్ కాల్స్ ఏమీ కనిపించకుండా కోర్ తింటుంటే లిస్టు ముడిపడింది, జీడీబీతో అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్ తీయండి. ఆ రెండింటిలో ఏది వచ్చినా ఇక్కడ పెట్టండి, మీ రిసీవ్ ఫంక్షన్ కూడా జత చేస్తే కూర్చుని చూస్తాను.