తావోలునా, సాండానా? ముందు ఆ మోకాలి మాట వినండి

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్ళు. తొమ్మిదో ఏట నుంచి చైనా యుద్ధకళ వుషు నేర్చుకుంటోంది. అందులో ఒక్కరే విన్యాసాలు చేసి చూపే తావోలులో జూనియర్ స్థాయిలో రెండు పతకాలు వచ్చాయి. ఇప్పుడు కోచ్ ఇద్దరు తలపడే సాండాకి మారమంటున్నారు, అక్కడ పోటీ తక్కువట. అమ్మాయేమో స్కూలు మానేసి పరీక్షలు ప్రైవేటుగా రాస్తాను, రోజంతా ప్రాక్టీస్ చేస్తాను అని పట్టుబడుతోంది. ఒలింపిక్స్‌లో లేని ఆటకి ఇంత అవసరమా అని వాళ్ళ నాన్న గొడవ. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. తను ఆడిన వీడియో కూడా పంపుతున్నాను.

జవాబు: అమ్మా, వీడియో నాలుగుసార్లు చూశాను. గెంతులూ తిప్పుళ్ళూ బాగున్నాయి, కానీ నా కళ్ళు ఆగింది చివరి మూడు సెకన్ల దగ్గర. ఆట ముగించి, పిడికిలికి అరచెయ్యి ఆనించి జడ్జీలకు వందనం చేసి, కార్పెట్ దిగుతూ మీ అమ్మాయి కుడి మోకాలిని ఒకసారి చేత్తో నొక్కుకుంది. ఎవరైనా చూస్తారేమో అన్నట్టు వెంటనే చెయ్యి తీసేసింది. ముగ్గురిలో ఎవరి మాట వినాలని అడిగారు. నన్నడిగితే ముందు ఆ మోకాలి మాట వినండి.

ఎందుకంటే తావోలులో ఖర్చయ్యేది అదే. 14 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు కార్పెట్, నిమిషం ఇరవై సెకన్ల పైచిలుకు ఆట. పది పాయింట్లలో కదలికల నాణ్యతకు 5, మొత్తం ప్రదర్శనకు 3, కష్టమైన విన్యాసాలకు 2. ఆ చివరి రెండు పాయింట్ల కోసమే గాల్లో 720 డిగ్రీలు, అంటే రెండు పూర్తి చుట్లు తిరిగి, తొణక్కుండా నేలకు దిగాలి. దిగగానే తొడలు నేలకు సమాంతరంగా, గుర్రమెక్కి కూర్చున్నట్టు మాబు భంగిమలో బిగుసుకుపోవాలి. పాదం కాస్త జరిగినా పాయింట్లలో కోత పడుతుంది. పైస్థాయిలో పతకాలు తేలేది దశాంశం తర్వాత రెండో అంకె మీద కాబట్టి పిల్లలు ఆ ఒక్క దిగుడునే వందలసార్లు చేస్తారు. పదిహేనేళ్ళకు ఎముక ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ఈ వారంలోనే స్పోర్ట్స్ డాక్టర్‌కు గానీ ఫిజియోకు గానీ చూపించండి. మీ దగ్గర దాచినా వాళ్ళ దగ్గర చెబుతుంది. 'నొప్పుందంటే ఆట ఆపించేస్తారు' అనే టెన్షన్ తనకు ఉండే ఉంటుంది. ఆపించం అని ముందే మాటివ్వండి.

ఇక కోచ్ మాట. తావోలు, సాండా ఒక చెట్టు కొమ్మలే, కానీ కెరీర్‌గా చూస్తే రెండు వేర్వేరు ఉద్యోగాలు. తావోలు ఒంటరి ఆట, నీకు నువ్వే ప్రత్యర్థివి. సాండాలో ఎదురుగా మనిషి ఉంటుంది, కొడుతుంది. 80 సెంటీమీటర్ల ఎత్తున్న వేదిక మీద రెండేసి నిమిషాల రౌండ్లు మూడు, రెండు గెలిస్తే బౌటు మనది. గుద్దు, తన్ను, పట్టి పడెయ్యడం ఉంటాయి. వేదిక మీద నుంచి కిందకు తోసినా పాయింట్లే. తావోలులో చిన్నప్పటి నుంచి వంచిన ఒళ్ళు కావాలి. సాండాను పదిహేను, పదహారేళ్ళకు మొదలుపెట్టినా ఆలస్యమేం కాదు. మీ అమ్మాయికి కాళ్ళ వేగం, బ్యాలెన్స్ ఎలాగూ ఉన్నాయి. కాబట్టి కోచ్ చెప్పింది తప్పని అనను.

కానీ 'పోటీ తక్కువ' అన్నది కారణం కాదు. ఏ బరువు విభాగంలో తక్కువ? అది మీ అమ్మాయి మామూలుగా తిని పెరిగితే ఉండే బరువేనా, నాలుగు కిలోలు కడుపు మాడ్చి తగ్గాల్సిన బరువా? కోచ్‌ను ఇదే అడగండి. ఎదిగే పిల్ల పోటీ కోసం కడుపు మాడ్చి, నీళ్ళు మానేసి బరువు తగ్గించడం మొదలుపెడితే నెలసరి తప్పొచ్చు, ఎముకలు బలహీనపడొచ్చు, ఆ తర్వాత సరిచెయ్యడం కష్టం. ఆ దారిలో నడిపించే కోచ్ ఎంత పేరున్నవాడైనా వద్దు. స్పారింగ్‌లో, అంటే ప్రాక్టీస్ పోరులో, తలకు దెబ్బ తగిలితే ఎన్ని రోజులు కూర్చోబెడతారో కూడా అడగండి. తడుముకోకుండా జవాబు చెప్పే కోచ్ దొరికితే అదృష్టం.

బరువు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో తావోలులో స్వర్ణం గెలిచిన మలేషియా అమ్మాయి దగ్గర ఆ పతకం వెనక్కి తీసుకున్నారు. డోపింగ్ పరీక్షలో దొరికింది సిబుట్రమిన్, బరువు తగ్గడానికి వాడే మందు. కాబట్టి పౌడర్లు, మాత్రలు ఎవరిచ్చినా, జిమ్‌లో అక్కలిచ్చినా, డాక్టర్‌ను అడక్కుండా నోట్లో వేసుకోవద్దని గట్టిగా చెప్పండి.

నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. ఒలింపిక్స్ పతకాల పట్టికలో వుషు లేదు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడే అక్కడే వుషు పోటీ పెట్టారు గానీ ఆ పతకాలు లెక్కలోకి రాలేదు. అయితే ఆసియా క్రీడల్లో 1990 నుంచి ఉంది. 1991 నుంచి రెండేళ్ళకోసారి ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా జరుగుతోంది. సెనెగల్‌లోని డకార్ యూత్ ఒలింపిక్స్‌లోనూ చోటిచ్చారు. అంటే ఎక్కడానికి మెట్లున్నాయి. సాండా 60 కిలోల విభాగంలో మన దేశపు రోషిబినా దేవి 2018 జకార్తా ఆసియా క్రీడల్లో కాంస్యం, 2023లో హాంగ్‌జౌలో రజతం గెలిచింది. ఒక రంగు మారడానికి ఐదేళ్ళు! నాన్నగారికి ఒలింపిక్స్ గురించి కాదు, ఈ ఐదేళ్ళ గురించి చెప్పండి. ఆ ఐదేళ్ళూ ఇంట్లో ఎవరు, ఎంతవరకు మోయగలరో ముందే మాట్లాడుకోవాలి.

అమ్మాయి మాట దగ్గరే నేను గట్టిగా అడ్డం పడతాను. స్కూలు మానొద్దు. చదువే గొప్పదని కాదు నా వాదన. పదిహేనేళ్ళ ఒళ్ళు రోజుకు రెండు పూటల మంచి ప్రాక్టీస్ తట్టుకుంటుంది. మిగతా పగలంతా ఆ ఒళ్ళు విశ్రాంతి తీసుకోవాలి, నేర్చుకోవడం అప్పుడే కుదురుకుంటుంది. స్కూలు మానేసి వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. మిగిలిన ఆ గంటలన్నీ ఫోనుకే పోయాయి. దానికి బదులు ట్యూషన్లు తగ్గించండి, పోటీల ముందు రెండు వారాలు హాజరులో సడలింపు ఇవ్వమని స్కూల్లో రాతపూర్వకంగా అడగండి.

చదువు ఎందుకో చైనా ఫైటర్ జాంగ్ వెయిలీ కథ చెబితే మీ అమ్మాయికే అర్థమవుతుంది. చిన్నప్పుడే వుషు స్కూల్లో చేరి సాండాలో రాణించింది. నడుం దెబ్బతో అది ఆగిపోయింది. తర్వాత సెక్యూరిటీ గార్డుగా చేసింది, కిండర్‌గార్టెన్‌లో పిల్లల్ని చూసుకుంది, జిమ్‌లో ఉద్యోగం చేసింది. ఆ జిమ్ నుంచే అన్ని యుద్ధకళలూ కలిపి పోరాడే ఎంఎంఏకి వచ్చి, 2019లో చైనాలోని షెన్‌జెన్‌లో ప్రత్యర్థిని 42 సెకన్లలో ఓడించి, ఆ ఆటలో పెద్ద సంస్థ అయిన యూఎఫ్‌సీ చాంపియన్ అయింది. అందరూ ఆ 42 సెకన్ల గురించే మాట్లాడతారు. కెరీర్ సలహాలిచ్చేవాడిగా నాకు గుర్తుండేది మధ్యలో ఆ ఉద్యోగాలు చేసిన సంవత్సరాలు. దెబ్బ తగిలిన రోజున మీ అమ్మాయి చేతిలో అంతకంటే మెరుగైనది ఉండాలి. ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైన్స్, వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ, వీటిలో ఏదైనా సరే. చైనా యాక్షన్ హీరోలు జెట్ లీ, వూ జింగ్ బీజింగ్ వుషు జట్టు నుంచే సినిమాల్లోకి వెళ్ళారు నిజమే, కానీ అది లాటరీ. స్టంట్ పని వేరే సంగతి, తావోలు వచ్చినవాళ్ళకు అది నిజంగా తిండి పెడుతుంది. కాకపోతే అక్కడా పనికొచ్చేవి అవే మోకాళ్ళు.

వీడియోలో ఇంకొకటి కూడా చూశాను. ఆట మొదలవకముందు, కార్పెట్ పక్కన, ఏడెనిమిదేళ్ళ పాప ఒకతి భంగిమలో వంకరగా నిలబడి ఉంది. మీ అమ్మాయి తన వార్మప్ ఆపి, పాప మడమను తన కాలి వేళ్ళతో రెండంగుళాలు బయటికి జరిపి, భుజం మీద చిన్నగా తట్టి వెళ్ళిపోయింది. అప్పుడు తనెంత టెన్షన్‌లో ఉండి ఉంటుందో ఆలోచించండి. కోచింగ్ సర్టిఫికెట్, జడ్జి పరీక్షల గురించి ఇప్పుడే ఆరా తియ్యమని నేననేది అందుకే. ఆడుతూనే వాటికి తయారు కావచ్చు.

సాండా నిర్ణయం మూడు నెలలు వాయిదా వెయ్యండి. మోకాలు బాగుందని డాక్టరంటే, ఈలోగా వారానికి రెండు రోజులు, దెబ్బలు లేకుండా ప్యాడ్ల మీద సాండా ఆడనివ్వండి. ఆ రోజుల్లో ఇంటికొచ్చాక ఏం మాట్లాడుతుందో, అన్నం ఎలా తింటుందో గమనించండి. డాక్టర్ రిపోర్టు వచ్చాక, కోచ్ చెప్పిన బరువు విభాగం ఏదో కూడా చేర్చి మళ్ళీ రాయండి.