అల్లుడు మంచివాడే, కానీ అమ్మాయి ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే

ప్రశ్న: మా అమ్మాయికి పెళ్లై మూడేళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. అల్లుడికి తాగుడు లేదు, అందరితో మర్యాదగా ఉంటాడు. కానీ అమ్మాయి జీతం, ఏటీఎం కార్డు అతని దగ్గరే ఉంటాయి. ఆటోకి కూడా అతన్నే అడగాలి. మాతో ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడుతుంది. మొన్న వచ్చినప్పుడు తలకి నూనె రాస్తుంటే మెడ వెనక కమిలిన మచ్చ కనిపించింది. ‘బాత్‌రూంలో జారిపడ్డా’ అంది. పెద్దమనుషుల్ని తీసుకెళ్లి నిలదీద్దామని మావారు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, బాత్‌రూంలో జారిపడితే ఎక్కువగా మోచేతికో, నడుముకో దెబ్బ తగులుతుంది. మెడ వెనక మచ్చ చూసి మీ మనసు కీడు శంకించిందంటే అందులో తప్పు లేదు. ఆ మచ్చ లేకపోయినా మీరు రాసిన మిగతావి చాలు. సంపాదించే మనిషి చేతిలో రూపాయి లేకుండా చేయడం, కన్నతల్లితో కూడా చాటుగా మాట్లాడనివ్వకపోవడం హింసే. 2005 గృహహింస చట్టం కొట్టడంతో పాటు మాటలతో కుంగదీయడాన్ని, డబ్బు లాక్కోవడాన్ని కూడా హింసగానే చెప్పింది.

దయచేసి పంచాయితీకి ఇప్పుడే వెళ్లకండి. మీ ముందు అతను తల వంచుకుని ‘ఇంకెప్పుడూ జరగదు’ అంటాడు. మీరు బస్సెక్కాక ఆ తలుపు వెనక ఆమె ఒక్కతే ఉంటుంది. విషయం బయటపడిందని తెలిసినప్పుడు, భార్య వెళ్లిపోతుందని అనుమానం వచ్చినప్పుడు ఇలాంటివాళ్లు మరింత రెచ్చిపోతారు.

ముందు మీరొక్కరే వెళ్లి రెండు రోజులు ఉండండి. కూరగాయలకని ఇద్దరూ బయటికి వెళ్లండి, ఫోన్లు ఇంట్లోనే వదిలేసి. ‘కొడుతున్నాడా?’ అని గుచ్చి అడగొద్దు. ‘నువ్వు ఏ అర్ధరాత్రి వచ్చినా మన ఇల్లు నీదే, ఎందుకొచ్చావని అడగం’ అనండి. ‘సర్దుకుపో’ అని ఇదివరకు ఎప్పుడైనా అని ఉంటే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని కూడా చెప్పండి. ఆమె నోరు విప్పనిది బహుశా అందుకే.

ఆ రోజే చెప్పకపోవచ్చు. ఓపిక పట్టండి. ఈలోగా ఇద్దరికే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. ‘ఆవకాయ అయిపోయిందమ్మా’ అంటే వెంటనే రమ్మని అర్థం. సర్టిఫికెట్లు, ఆధార్, పాస్‌బుక్ మెల్లగా మీ ఇంటికి చేర్చమనండి. డాక్టర్ దగ్గరికి వెళితే దెబ్బ ఎలా తగిలిందో నిజం చెప్పి చీటీ రాయించుకోమనండి. ఇవేవీ వాట్సాప్‌లో రాయొద్దు, అతను చూస్తాడు.

ప్రాణం మీదికొస్తే 112. సలహాకి, తలదాచుకోవడానికి 181కి ఫోన్ చేస్తే, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. జీతం ఎంత ఉన్నా ఆడవాళ్లకి ఉచితంగా లాయర్‌ని పెడతారు, అందుకు 15100. కేసు హైదరాబాద్‌లోనే వేయాలన్న టెన్షన్ వద్దు. మీ ఇంటికొచ్చి ఉంటే ఖమ్మంలోనే మేజిస్ట్రేట్‌ని ఆశ్రయించవచ్చు. వాళ్లు కాపురం ఉంటున్న ఇల్లు ఎవరి పేరున ఉన్నా అక్కడ ఉండే హక్కు ఆమెకి ఉంది. కానీ ఉండాలో, రావాలో తనే తేల్చుకోవాలి. ఇప్పటికే ఆమె తరఫున అన్నీ అతనే నిర్ణయిస్తున్నాడు. మీరూ అదే చేయకండి.

రేపు ఫోన్ చేసినప్పుడు ఇదేమీ ఎత్తకండి, స్పీకర్‌లో ఉంటుంది. ‘నిన్ను చూడాలనిపిస్తోంది, శనివారం వస్తున్నా’ అని మాత్రం చెప్పండి.