అల్లుడూ, రాడ్ కొనే ముందు గది కొలుచుకో

చి. అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఇంట్లోనే బరువులు ఎత్తడానికి బార్‌బెల్, అంటే రెండు చివరలా ప్లేట్లు ఎక్కించే పొడవాటి రాడ్, కొందామనుకుంటున్నానని రాశావు. ఆన్‌లైన్‌లో 50 కిలోల సెట్ ఒకటి చూశావట. ఐదడుగుల రాడ్, మూడడుగుల వంకర రాడ్, రెండు డంబెల్ రాడ్లు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లౌజులు, స్కిప్పింగ్ తాడు, అన్నీ కలిపి ఒకే ధర. బార్‌బెల్ కొనే సంగతి తర్వాత చూద్దాం గానీ, ఆ సెట్ మాత్రం కొనకు.

ఆ ప్లేట్లకి పైన ప్లాస్టిక్ డొప్ప, లోపల సిమెంటులాంటి మిశ్రమం. ఇనుము కాదు కాబట్టి అదే బరువుకి మందం చాలా ఎక్కువ. నాలుగు ప్లేట్లు ఎక్కించేసరికి రాడ్ చివర చోటు అయిపోతుంది, కాళ్లలో ఇంకా బలం ఉన్నా ఎక్కించడానికి జాగా ఉండదు. రెండుసార్లు గట్టిగా నేలకి తగిలితే అతుకు దగ్గర విచ్చుకుని పొడి రాలడం మొదలవుతుంది. రాడ్ సంగతి ఇంకా ముఖ్యం. గట్టి ఉక్కు రాడ్ 28 మిల్లీమీటర్ల మందంలో ఐదడుగుల పొడవుంటే సుమారు 7.4 కిలోలు తూగాలి. 25 మిల్లీమీటర్లదైతే దాదాపు 6 కిలోలు. కొట్లో కాటా మీద పెట్టించు. 4 కిలోలే చూపిస్తే అది లోపల బోలుగా ఉన్న గొట్టం. అలాంటిది భుజాల మీద ఉండగా వంగితే బరువంతా ఒక పక్కకి జారుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ సన్నరాడ్ ప్లేట్లకి రంధ్రం సుమారు 28 నుంచి 30 మిల్లీమీటర్లు, పోటీల్లో వాడే పెద్ద రాడ్, అదే ఒలింపిక్ రాడ్, దాని చివర మందం 50 మిల్లీమీటర్లు. ఒకదాని ప్లేట్లు ఇంకొకదానికి పనికిరావు. ఏడాది తర్వాత పెద్ద రాడ్ కొందామనుకుంటే ఇప్పుడు కొన్న ప్లేట్లన్నీ మూలన పడతాయి. అందుకే మొదటి రాడ్ దగ్గరే ఏ సైజులో ఉండాలో తేల్చేసుకోవాలి.

ఇక నువ్వు కొనాలా వద్దా అన్నది నీ గది చెప్పాలి. ఒలింపిక్ రాడ్ పొడవు 2.2 మీటర్లు, అంటే ఏడడుగుల మీద కాస్త. పక్కనుంచి ప్లేట్లు ఎక్కించడానికి రెండు వైపులా కనీసం ఒకటిన్నర అడుగు కావాలి. గోడకీ గోడకీ మధ్య పదడుగుల పైన ఖాళీ లేకపోతే ప్రతిసారీ ప్లేట్ గోడకి గీసుకుంటుంది. మంచం, బీరువా, బట్టలు ఆరేసే స్టాండు ఉన్న గదిలో అంత ఖాళీ దొరకదని నాకు తెలుసు. దీనికొక మంచి దారి ఉంది: ఆడవాళ్ల పోటీల్లో వాడే 15 కిలోల రాడ్. దాని పొడవు 2.01 మీటర్లు, చేత్తో పట్టుకునే చోట మందం 25 మిల్లీమీటర్లు. ప్లేట్ల మధ్య దూరం పెద్ద రాడ్‌కి ఉన్నట్టే 1.31 మీటర్లు కాబట్టి రాడ్ ఆనించే స్టాండు, అదే ర్యాక్, దాని మీద ఇదీ కూర్చుంటుంది, అవే ప్లేట్లు పడతాయి. కోడలు కూడా మొదలుపెడతానంటోందని రాశావు కదా, ఆ అమ్మాయి చేతికీ అదే నప్పుతుంది. మీ ఇద్దరికీ కలిపి ఒకటే కొనేటట్టయితే నా ఓటు దానికే.

పైకి కూడా చూసుకో. నీ ఎత్తు మనిషి రాడ్‌ని తలమీదకి నెట్టి చేతులు చాపితే రాడ్ ఏడడుగులు దాటుతుంది. 20 కిలోల పెద్ద ప్లేట్ వ్యాసం 45 సెంటీమీటర్లు, అందులో సగం రాడ్‌కి పైన ఉంటుంది. అంటే ప్లేట్ అంచు దాదాపు ఎనిమిదడుగులకి చేరుతుంది. మన ఇళ్లలో ఫ్యాన్ రెక్కలు అంతకంటే పెద్ద ఎత్తులో ఏమీ ఉండవు. టేపు పెట్టి కొలుచుకో. సరిపోకపోతే ఫ్యాన్ కింద నిలబడి షోల్డర్ ప్రెస్, అంటే ఇలా తలమీదకి నెట్టడం, చేద్దామనుకోకు, స్టూలు మీద కూర్చుని చెయ్యి.

నేల గురించి మీ అమ్మ భయపడుతోంది, స్లాబు కూలిపోతుందేమోనని. ఇళ్ల స్లాబులు చదరపు మీటరుకి 200 కిలోల దాకా వాడకపు బరువు మోసేలా లెక్కవేస్తారు. వంద కిలోల రాడ్, ర్యాక్, నువ్వు, అంతా పరుచుకుని నిలబడితే అదేమీ పెద్ద భారం కాదని అక్కకి చెప్పు. చేటు చేసేది బరువు కాదు, దెబ్బ. టైలు కింద సిమెంటు సరిగా నిండని చోట నాణెంతో కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. డెడ్‌లిఫ్ట్, అంటే నేలమీది రాడ్‌ని పట్టుకుని నిటారుగా లేచే వ్యాయామం, అందులో రాడ్ దింపేటప్పుడు ప్లేట్ అక్కడ పడితే టైలు పగులుతుంది, కింది ఇంటివాళ్లకి పిడుగు పడ్డట్టు వినిపిస్తుంది.

దీనికి వడ్రంగి పని కొంచెం చేయించుకో. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్లు, 8 అడుగులు బై 4 అడుగులవి, రెండు తీసుకుని ఒకదానిమీద ఒకటి పరిచి మరలు బిగించాలి. దాని మీద నడుమ నాలుగడుగుల చదరంలో మూడో ప్లైవుడ్ ముక్క, నువ్వు నిలబడేది దాని మీద. రెండు పక్కలా రెండేసి అడుగుల వెడల్పున 15 నుంచి 20 మిల్లీమీటర్ల గట్టి రబ్బరు మ్యాట్, ప్లేట్లు దిగేది దాని మీద. రబ్బరు, నడుమ ముక్క సమానమైన ఎత్తులో ఉండాలి. లిఫ్టులో షీటు పట్టకపోతే సగానికి కోయించి, పై అతుకూ కింది అతుకూ ఒకే చోట రాకుండా పరుచు. యోగా చాపలాంటి మెత్తటి ఫోమ్ మాత్రం వెయ్యకు, పాదం కుంగి స్క్వాట్‌లో, అంటే భుజాల మీద రాడ్‌తో కూర్చుని లేచేటప్పుడు, మోకాలు పక్కకి ఊగుతుంది. ఇవన్నీ చేసినా బరువుని చేత్తో పట్టుకుని మెల్లగా దింపాల్సిందే.

మన సిక్కోలు ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినప్పుడు స్నాచ్‌లో (నేలమీంచి ఒకే ఊపులో తలమీదకి) 110, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాలకి, తర్వాత తలమీదకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. అవి చూసి ఇంట్లో స్నాచ్ మొదలుపెట్టకు. పోటీ వేదిక నాలుగు మీటర్ల చదరం, ప్లేట్లు పైనుంచి వదిలేయడానికి చేసినవి, చుట్టూ మనుషులుండరు. ఆ విద్య నేర్చుకోవాలంటే కోచ్ ఉన్న చోటికే వెళ్లాలి. రెండో అంతస్తు ఫ్లాట్‌లో స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ప్రెస్, నడుం దగ్గర ముందుకి వాలి రాడ్‌ని పొట్టవైపు లాగే రోయింగ్, ఈ నాలుగూ చాలు.

రాడ్ ధర ఒక్కటీ చూసి ఖర్చు లెక్కవేస్తే మోసపోతావు. స్టాండు లేకుండా రాడ్ కొంటే సగమే కొన్నట్టు. నేలమీంచి భుజాలకి ఎత్తుకోగలిగినంత బరువుతోనే స్క్వాట్ చేయాల్సి వస్తుంది, కాళ్లకి అది కొన్ని నెలల్లోనే చాలకుండా పోతుంది. విడివిడిగా నిలబడే రెండు స్తంభాల స్టాండు చవక, కానీ రాడ్ ఒక పక్క ముందు తగిలితే పక్కకి పడిపోతుంది. అడుగున కలిపి, బరువు ఆపే సేఫ్టీ చేతులున్నది తీసుకో. రాడ్ కొక్కేలు నీ భుజానికి రెండు మూడంగుళాలు కిందుండాలి. సేఫ్టీ చేతులు నువ్వు పూర్తిగా కిందికి దిగినప్పుడు రాడ్ ఉండే చోటుకి ఒక అంగుళం కింద. ఖాళీ రాడ్‌తో దిగి చూసుకున్నాకే బరువు ఎక్కించు.

బెంచ్ ప్రెస్, అంటే బెంచ్ మీద వెల్లకిలా పడుకుని రాడ్‌ని ఛాతీ మీంచి పైకి నెట్టడం, దాని దగ్గర గట్టిగా చెబుతున్నాను, మనసులో పెట్టుకో. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు సేఫ్టీ లేని బెంచ్ మీద చెయ్యొద్దు. రాడ్ మెడ మీద ఆగిపోతే అరవడానికి కూడా ఊపిరి ఉండదు. సేఫ్టీ చేతులు లేకపోతే నేలమీద పడుకుని డంబెల్స్‌తో నెట్టు. తప్పనిసరై బెంచ్ చేస్తే ప్లేట్లు జారకుండా రాడ్ చివర బిగించే లాకులు పెట్టకుండా చెయ్యి, ఇరుక్కుంటే రాడ్ వాల్చి ప్లేట్లు జారవిడవచ్చు. ఇది బెంచ్‌కి మాత్రమే. మిగతా అన్నింటికీ లాకులు ఉండాలి.

ప్లేట్లు ఇనుపవే తీసుకో, కిలో లెక్కన అమ్ముతారు. 20, 10, 5, 2.5, 1.25 కిలోలు, ఒక్కోటి జత చొప్పున అంటే 77.5 కిలోలు. 15 కిలోల రాడ్‌తో 92.5. మొదటి ఏడాదికి చాలా మందికి ఇది సరిపోతుంది. ఆ చిన్న 1.25 జత వదిలేయకు. కాళ్లు ప్రతివారం బరువు పెంచినా ఒప్పుకుంటాయి, భుజాలు ఒప్పుకోవు. డెడ్‌లిఫ్ట్‌కి మాత్రం ప్లేట్ సైజు గుర్తుంచుకో: పెద్ద ప్లేట్ ఉంటే రాడ్ నేలకి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 5, 10 కిలోల ఇనుప ప్లేట్లు చిన్నవి, రాడ్ బాగా కిందికి దిగి నడుం వంగిపోతుంది. అలాంటప్పుడు ప్లేట్ల కింద చెక్క దిమ్మెలు పెట్టి ఆ ఎత్తుకి తెచ్చుకో.

మూసేస్తున్న జిమ్‌లో పాత సామాను దొరికితే వెళ్లి చూడు. ఇనుప ప్లేటుకి వయసుతో వచ్చే నష్టం లేదు, తుప్పు గీకితే పోతుంది. రాడ్‌ని మాత్రం చదునైన నేలమీద దొర్లించు. నడుమ ఎగిరెగిరి పడితే అది వంగిపోయింది, ఉచితంగా ఇచ్చినా వద్దు. చివరలు చేత్తో తిప్పితే మెత్తగా తిరగాలి. చివర బోల్టుతో బిగించినవి వాడేకొద్దీ వదులవుతాయి, లోపల రింగుతో ఆపినవి మేలు. మీరు విశాఖకి మారతారని అంటున్నారు కాబట్టి ఇంకో మాట, సముద్రపు గాలికి రాడ్ తొందరగా తుప్పు పడుతుంది. వారానికోసారి చెమట తుడిచి, నైలాన్ బ్రష్‌తో రాడ్ మీది గరుకు గీతల్లో, పట్టు కోసం చేతులకి రాసుకున్న సుద్ద దులిపి, కుట్టుమిషను నూనె పలచగా రాసి పొడిగుడ్డతో తుడిచెయ్యి.

చంటివాడు పాకే ఇంట్లో ర్యాక్ మీద రాడ్ వదలకు. ప్లేట్లు గోడకి ఆనించి నిలబెట్టకు, పడుకోబెట్టు.

నడుంలో డిస్కు నొప్పి, హెర్నియా, బీపీ ఏదైనా ఉంటే ముందు డాక్టరుతో మాట్లాడు. అదేమీ లేకపోయినా, ఇప్పటిదాకా దండీలు బస్కీలు కూడా వరుసగా చేయనివాడివి కాబట్టి రాడ్ ఈ నెల కొనొద్దని నా మాట. 20 కిలోల దాకా పెంచుకోగలిగే డంబెల్స్ జత ఒకటి తెచ్చుకుని మూడు నెలలు వారానికి మూడు రోజులు చెయ్యి. ఒక డంబెల్‌ని గుండెకి ఆనించి 20 కిలోలతో 15 స్క్వాట్లు తేలిగ్గా పడుతున్నాయంటే అప్పుడు నీ కాళ్లకి రాడ్ కావాలి. ఆ డంబెల్స్ తర్వాత కూడా పనికొస్తాయి.

గోడల మధ్య దూరం, ఫ్యాన్ రెక్కల ఎత్తు, ఆ గది కింద ఎవరుంటారు, ఇల్లు మారేది ఎప్పుడు, ఈ నాలుగూ రాసి పంపు. గది చాలకపోతే నెలనెలా జిమ్‌కి కట్టుకోవడమే నయం, అందులో నామోషీ ఏమీ లేదు.

మీ మావయ్య